ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించమని ఏ వాక్యం చెప్పింది?

సంపాదకులు గారికి వందనాలు.

పోయిన ఆదివారం మీ పేపర్ల పాఠకుల ఉత్తరాల్ల ఒకాయన రాసింది చదివిన. మా దిక్కు ఒక ప్రైవేట్ స్కూల్ల తొమ్మిది, పది క్లాసుల పిల్లలకు వెక్కిరింతల మీద అవగాహన కార్యక్రమం పెట్టిండ్రని, అందుల గే పిల్లల గురించి కూడా మాట్లాడిండ్రని, ఇది అమెరికా నుంచి దిగుమతి అయిన కుట్ర అని, క్రైస్తవ తల్లిదండ్రులు అట్లాంటి రోజు పిల్లల్ని బడి మాన్పించాలని, లేకపోతే రేపు దేవుని ముంగట లెక్క చెప్పాల్సి వస్తదని ఆయన రాసిండు. ఆ ఉత్తరాన్ని ఫోటో తీసి మా సంఘం వాట్సాప్ గ్రూప్ల పెట్టిండ్రు, కింద వరసగ ఆమెన్ ఆమెన్ అని పెట్టుకుంట పోయిండ్రు. నేను కూడా క్రైస్తవురాల్నే, పుట్టిన కాడ్నుంచి ఎంబీ (మెన్నోనైట్ బ్రదరన్) చర్చిల పెరిగిన దాన్ని, సండే స్కూల్ల పాఠం చెప్పేదాన్ని, సర్కారు హైస్కూల్ల టీచర్ని. నా బిడ్డ ఆ స్కూల్లనే తొమ్మిదో క్లాసు చదువుతది, ఆ రోజు పోయింది, మొత్తం కూసొని విన్నది. అందుకే నేను ఆమెన్ పెట్టలే, మీకు ఈ ఉత్తరం రాస్తున్న, కొంచెం పెద్దగనే ఉంటది, కోత పెట్టకుండ వేస్తరని ఆశ.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్తా, ఎందుకంటే ఉత్తరం రాసినాయన అక్కడ లేడు, బడి మాన్పించిన తల్లిదండ్రులు కూడా లేరు. హైదరాబాద్ నుంచి ఒక కౌన్సిలర్ మేడం వచ్చింది. గంట సేపు మాట్లాడింది. నల్లగ ఉన్నవని, లావుగ ఉన్నవని, నత్తి ఉన్నదని, కులం పేరు పెట్టి, తండ్రి తాగుతడని, ఇట్ల తోటి పిల్లల్ని ఏడిపిస్తే వాళ్లకు లోపల ఏమైతదో చెప్పింది. ఆఖర్ల పావుగంట మాత్రం, కొందరు మగపిల్లల నడక, మాట ఆడపిల్లల తీరుగ ఉంటది, కొందరు ఆడపిల్లలు మగపిల్లల తీరుగ ఉంటరు, కొందరు మగపిల్లలకు మగపిల్లల మీదనే, కొందరు ఆడపిల్లలకు ఆడపిల్లల మీదనే ఇష్టం కలుగుతది, అట్లాంటి పిల్లల్ని పేర్లు పెట్టి పిలవొద్దు, కొట్టొద్దు, వీడియోలు తీసి గ్రూపులల్ల పెట్టొద్దు, ఎవరన్న ఏడిపిస్తుంటే టీచర్‌కి చెప్పండి, మనసు బాగలేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గాని, మనసు బాధలకు సాయం చేసే హెల్ప్‌లైన్ 14416కి గాని ఫోన్ చెయ్యండి అని చెప్పింది. గంతే. బొమ్మలు చూపియ్యలే, ఎట్ల చేస్తరు ఏం చేస్తరు అని ఒక్క ముక్క చెప్పలే, గే అయిపోండి అని ఎవల్ని అడగలే. నా బిడ్డ ఇంటికొచ్చి నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే, మన చర్చిల కూడా అట్లాంటోళ్లు ఉంటరా మమ్మీ అని. ఉంటరు బిడ్డా, బయటికి చెప్పరు అన్న.

ఇగ అమెరికా సంగతి. ఆయన డే ఆఫ్ సైలెన్స్ అని ఒక పేరు రాసిండు, పిల్లల్ని చెడగొట్టే పండుగ అన్నట్టు రాసిండు. అదేందో తెలుసుకొని మాట్లాడాలె. 1996ల అమెరికాల వర్జీనియా యూనివర్సిటీ విద్యార్థులు దాన్ని మొదలు పెట్టిండ్రు. ఏప్రిల్ నెలల ఒక రోజు పొద్దంత మాట్లాడకుండ ఉంటుండిరి, ఎందుకు మాట్లాడ్తలేమో రాసి ఉన్న చిన్న కార్డు దగ్గర పెట్టుకుంటుండిరి, కొందరు నోటికి టేపు కూడా అంటించుకుంటుండిరి. గే పిల్లలు బడులల్ల భయానికి నోరు మూసుకొని ఎట్ల బతుకుతున్నరో తోటోళ్లకు తెలియాలని ఆ మౌనం. 2001 కాడ్నుంచి బడులల్ల గే పిల్లల కోసం పని చేసే గ్లిసెన్ అనే సంస్థ చేతులకు తీసుకున్నంక అది దేశమంత హైస్కూళ్లకు పాకింది. 2008 ఫిబ్రవరిల కాలిఫోర్నియాల ఆక్స్‌నార్డ్ అనే ఊర్ల లారెన్స్ కింగ్ అనే 15 ఏండ్ల గే పిల్లగాన్ని తోటి విద్యార్థే బడిలనే తుపాకితోని కాల్చిండు, పిల్లగాడు చనిపోయిండు, ఆ ఏడు డే ఆఫ్ సైలెన్స్‌ని ఆ పిల్లగాన్ని తలచుకుంటనే జరిపిండ్రు. ఒక తల్లి కడుపుకోత ఉన్నది ఆ మౌనం వెనక, దాన్ని కుట్ర అనడానికి నాకైతే నోరు రాదు.

అక్కడి క్రైస్తవులు దీనికి అందరూ ఒక్క తీరుగ జవాబు చెప్పలే, ఈ సంగతి మన దగ్గర ఎవరూ చెప్తలేరు. కొన్ని సంస్థలు ఆ రోజు పిల్లల్ని ఇంటికాడ ఉంచుకోండి అన్నయి, మీ పేపర్ల ఉత్తరం రాసినాయన చెప్పింది సరిగ్గ అదే, అంటే అది కూడా అమెరికా నుంచి వచ్చిందే. ఇంకొందరు 2005ల అలయన్స్ డిఫెన్స్ ఫండ్ అనే లాయర్ల సంస్థ తరఫున డే ఆఫ్ ట్రూత్ అని పోటీ రోజు పెట్టిండ్రు, క్రైస్తవ పిల్లలు టీషర్టులు వేసుకొని, కార్డులు పంచుకుంట తమ నమ్మకం చెప్పాలని. అది తర్వాత ఎక్సోడస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ చేతులకు పోయింది. ఎక్సోడస్ అంటే గే వాళ్లని ప్రార్థనతోని, కౌన్సిలింగ్‌తోని మారుస్తం అని ఎన్నో ఏండ్లు పని చేసిన క్రైస్తవ సంస్థ. 2010ల అమెరికాల వెక్కిరింతలు తట్టుకోలేక పిల్లలు చనిపోయిన వార్తలు వరస పెట్టి వచ్చినయి, అప్పుడు ఆ ఎక్సోడస్ వాళ్లే ఇగ మేము ఈ డే ఆఫ్ ట్రూత్ చెయ్యం అని ప్రకటించిండ్రు, పిల్లలకు పోటీ కాదు కృప చూపించుడు నేర్పాలె అనే అర్థం వచ్చేటట్టు దాని అధ్యక్షుడు అలన్ చేంబర్స్ చెప్పిండు. 2011ల ఫోకస్ ఆన్ ది ఫ్యామిలీ అనే ఇంకో సంస్థ దాన్నే డే ఆఫ్ డైలాగ్ అని పేరు మార్చి తీసుకున్నది. 2013 జూన్‌ల ఎక్సోడస్ సంస్థనే మూసేసిండ్రు, మూసే ముందు చేంబర్స్ మా వల్ల నొప్పి పడ్డోళ్లకు క్షమాపణ అని బహిరంగంగ చెప్పుకున్నడు. వీళ్లు బైబిల్ వదిలేసినోళ్లు కాదు, చానా ఏండ్లు ఆ పని చేసి చూసినోళ్లు.

ఇంకొక దారి కూడా ఉండె, నాకు అన్నిట్ల అదే నచ్చింది. పెన్సిల్వేనియాల గ్రోవ్ సిటీ కాలేజ్ అనే క్రైస్తవ కాలేజీల సైకాలజీ ప్రొఫెసర్ వారెన్ త్రాక్‌మార్టన్ 2008ల గోల్డెన్ రూల్ ప్లెడ్జ్ అని మొదలు పెట్టిండు. క్రైస్తవ పిల్లలు ఆ రోజు బడి మానొద్దు, పోటీ రోజు పెట్టొద్దు, బడికి పోయి మత్తయి సువార్త 7వ అధ్యాయం 12వ వచనం మీద నిలబడాలె, ఇతరులు నాకు ఏం చెయ్యాలని కోరుకుంటనో నేను వాళ్లకు అదే చేస్త అని మాట ఇయ్యాలె. ఏ పిల్లకు పెండ్లి గురించి తన చర్చి నేర్పిన మాట వదులుకోవాల్సిన పని లేదు. పక్క బెంచీ పిల్లగాన్ని ఎవరన్న కొడితే అడ్డం నిలబడాలె, అది మాత్రం తప్పదు. మన ఊర్లల్ల ఈ మాట చెప్పే పాస్టర్ ఒక్కడన్న ఉంటే నేను ఈ ఉత్తరం రాయకపోదు.

పాఠం చెప్పేటోళ్లకు ఈ పిల్లలు కనపడుతరు. మా బడిల కొన్నేండ్ల కింద ఒక పిల్లగాడు ఉండె, పేరు, క్లాసు చెప్పను. చదువుల మంచోడు, చేతిరాత ముత్యాల తీరుగ ఉంటుండె, పాట మంచిగ పాడుతుండె, చెయ్యి తిప్పుకుంట మాట్లాడుతుండె. బడిల ఉన్నంత సేపు నీళ్లు తాగకపోతుండె. ఎండకాలం, ఒంటిపూట బడి, మార్చి నెల, దేవరకొండ దిక్కు ఎండలు ఎట్లుంటయో మీకు తెల్సు, మిగిలిన పిల్లలు ట్యాంక్ కాడ నల్ల కింద మూతి పెట్టి తాగుతుంటే ఈ పిల్లగాడు మాత్రం పెదవులు ఎండిపోయి కూసుంటుండె. బాటిల్ తెచ్చుకోలేవా అంటే తెచ్చుకున్న మేడం అని సంచిల నుంచి తీసి చూపిచ్చిండు, మూత కూడా తియ్యని బాటిల్. నీళ్లు తాగితే ఒంటేలుకు పోవాలె, ఒంటేలుకు పోతే అక్కడ పెద్ద పిల్లలు నలుగురు నిలబడి ఉంటరు, లాగు గుంజుతరు, నువ్వు ఆడపిల్లవా మగపిల్లవా చూపియ్యి అంటరు. ఇంటర్వెల్‌ల పోడు, బెల్ కొట్టినంక అందరూ క్లాసుకు వచ్చినంక పోతడు, పోయి ఆలస్యంగ వస్తే సార్ బయట నిలబెడుతడు. ఇది నాకు చెప్పడానికి ఆ పిల్లగానికి చానా రోజులు పట్టింది. గేమ్స్ పీరియడ్ ఉన్న రోజు హాజరు పట్టీల వాని పేరు ఎదురుగ ఎప్పుడూ ఆబ్సెంటే. వాడు గేనా కాదా నాకు తెలియదు, నేను అడగలే, అడగాల్సిన అవసరం కూడా లేదు. ఆ నలుగురు పిల్లల్ల ఇద్దరు మా చర్చి పిల్లలే, వీబీఎస్‌ల (సెలవుల బైబిల్ బడిల) కంఠత వాక్యాలకు ప్రైజులు తెచ్చుకున్నోళ్లే, వాళ్ల ఇండ్లకు నేను పోయి తల్లులతోని మాట్లాడిన. ఒక తల్లి ఏడ్చింది, ఇంకొక తల్లి మాత్రం వాడు అట్ల నడిస్తే అనరా మేడం అన్నది.

ఆ కౌన్సిలర్ మేడం మాట్లాడింది ఈ పిల్లగాని గురించే. మీ పిల్లల్ని బడి మాన్పిస్తే ఆ నలుగురికి ఆ మాట చెప్పేదెవరు? చర్చిల చెప్తున్నమా? చెప్తలేం.

చర్చిల ఏం చెప్తున్నమో కూడా రాస్తా, దాచుకునేది కాదిది. యూత్ మీటింగులల్ల బయట నుంచి వచ్చిన ప్రసంగీకులు కొందరు ఈ విషయం మీదికి వస్తే గొంతు మార్చి, నడుము తిప్పి ఆడోళ్ల తీరుగ నడిచి చూపిస్తరు, పిల్లలు విరగబడి నవ్వుతరు, కీబోర్డ్ కాడ కూసున్న పిల్లగాడు తల వంచుకొని మీటల మీదికి చూసుకుంట ఉంటడు. క్రిస్మస్ స్కిట్‌లల్ల కూడా ఇదే వేషం, ఇదే నవ్వు. మైకుల దేవుని పేరు చెప్పుకుంట ఇది జరుగుతది. యాకోబు పత్రిక మూడో అధ్యాయం 9, 10 వచనాలు నేనే ఎన్నోసార్లు సండే స్కూల్ల చెప్పిన, ఒకే నాలుకతోని తండ్రిని స్తుతిస్తం, ఆయన పోలికెగ పుట్టిన మనుషుల్ని శపిస్తం, ఇట్ల ఉండొద్దు అంటడు యాకోబు. ఆ వచనాలు ఆ మైకుకు వర్తించవా?

సొదొమ గొమొఱ్ఱా అని గ్రూపుల ఒకాయన పెట్టిండు. సరే, గే పనికే దేవుడు ఆ ఊర్లను అగ్నితోని కాల్చిండని చెప్తరు, ఆ కథ అందరికీ తెల్సు. యెహెజ్కేలు 16వ అధ్యాయం 49వ వచనం కూడా తెరిచి చదవండి, సొదొమ చేసిన దోషం ఏందో ప్రవక్త అక్కడ చెప్పిండు, గర్వం, కడుపు నిండ తిండి, నిశ్చింత, దీనులకు దరిద్రులకు చెయ్యి అందియ్యకపోవుడు. తర్వాతి వచనంల హేయక్రియలు అని కూడా ఉన్నది, నేను దాన్ని తప్పించుకొని పోను. గే సంబంధం తప్పని చూపిచ్చే లేవీయకాండము 18, రోమా 1, మొదటి కొరింథీ 6 కూడా నాకు తెల్సు, మా సంఘం వాటిని ఎట్ల అర్థం చేసుకుంటదో తెల్సు, పెండ్లి అంటే స్త్రీ పురుషుల మధ్యనే అని మా సంఘం నమ్మకం, దాని మీద ఈ ఉత్తరంల వాదం పెట్టుకోను. కాని ఈ వాక్యాలల్ల ఏ ఒక్కటి కూడా పద్నాలుగేండ్ల పిల్లగాన్ని బాత్రూం కాడ పట్టుకోమని చెప్తలేదు, వాన్ని కాపాడే మాట చెప్పే రోజు ఇంట్ల కూసోమని అంతకన్న చెప్తలేదు. మత్తయి 18ల చిన్నవాళ్లల్ల ఒకన్ని ఆటంకపరిచినోని మెడకు తిరగటి రాయి కట్టి సముద్రంల పడేస్తే మేలు అన్నది యేసు ప్రభువే. నేను టీచర్ని కాబట్టి ఆ వాక్యం చదివినప్పుడల్ల నాకు గుండెల గుబులు పుడుతది.

మా తాత ముత్తాతల సంగతి చెప్పకుండ ఇది పూర్తి కాదు. నల్గొండకు అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ 1890 ప్రాంతంల వచ్చింది, ఏబ్రహాం ఫ్రీజెన్ అనే ఆయన, రష్యాల ఉన్న మెన్నోనైట్ల నుంచి వచ్చినాయన, అక్కడ పని మొదలు పెట్టిండు. అటు పాలమూరుల కూడా బాప్టిస్టులే మొదలు, తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, జడ్చర్ల దిక్కు మెన్నోనైట్ బ్రదరన్ మిషన్ బడులు, దవాఖానలు పెట్టింది. ఆ బడులల్లకు మొదలు పోయింది ఎవరు? ఎక్కువ మంది మాదిగ, మాల పిల్లలు. ఊరి బడిల కూసోనియ్యకపోతుండె, కూసోనిచ్చినా వాకిట్ల దూరంగ, బావి కాడికి పోతే రాళ్లు, దారిల కనపడితే పేర్లు. నిజాం కాలంల మా ముత్తాత అక్షరం నేర్చుకున్నది మిషన్ బోర్డింగ్ల ఉండి, అన్నం పెట్టి చదివిపిచ్చిండ్రు కాబట్టే ఇయ్యాల్ల మా ఇంట్ల టీచర్లు, నర్సులు ఉన్నరు. అప్పుడు ఊర్ల పెద్దమనుషులు కూడా ఇదే అన్నరు, ఆ పిల్లల పక్కన మా పిల్లల్ని కూసోబెట్టం, బడి మాన్పిస్తం అన్నరు, వాళ్లు కూడా శాస్త్రం పేరే చెప్పిండ్రు. మనం ఆ మాట పడ్డోళ్లం. పడ్డోళ్ల మనుమలు, మునిమనుమలు ఇయ్యాల్ల అదే మాట ఇంకొక పిల్లగాని మీద అంటుంటే నాకు కడుపుల దేవినట్టయితది, ఇది రాస్తుంటే కూడా చెయ్యి వణుకుతున్నది. రెండూ ఒకటే అని నేను అంటలేను, కులం వేరు ఇది వేరు, కాని బడిల నుంచి పిల్లల్ని గుంజుకపోయి ఒక పిల్లను ఒంటరి చేసుడు మాత్రం రెండు చోట్ల ఒకటే పని.

ఇది అమెరికా నుంచి వచ్చింది అనే మాటకు ఇంకొంచెం జవాబు ఉన్నది. 2017 ఫిబ్రవరిల మన కేంద్ర ఆరోగ్య శాఖ ఊర్లల్ల కౌమార పిల్లలతోని పని చేసేటోళ్ల కోసం సాథియా అని ఒక కిట్టు తెచ్చింది, ఆ వయసుల అదే లింగం పిల్లల మీద గాని, వేరే లింగం పిల్లల మీద గాని ఇష్టం కలుగుడు మామూలే అని అందుల ఉన్నది. 2016ల యూనివర్సిటీలను, కాలేజీలను చూసే యూజీసీ ర్యాగింగ్ నిబంధనలు సవరించి లైంగిక ధోరణి మీద ఏడిపిచ్చుడు కూడా ర్యాగింగే అని రాసింది, అంటే రేపు ఇంటర్ అయి డిగ్రీకి పోతే ఇదే పని మీద మీ పిల్లగాని మీద కేసు కావచ్చు, అది తొమ్మిదో క్లాసులనే తెలుసుకుంటే నష్టమేంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 377 సెక్షన్ కింద పెద్దోళ్ల మధ్య ఇష్టపూర్వక గే సంబంధం నేరం కాదని చెప్పింది, జస్టిస్ నారిమన్ అయితే ఈ తీర్పు గురించి కేంద్రం ప్రజలకు బాగా ప్రచారం చెయ్యాలని, పోలీసులకు శిక్షణ ఇయ్యాలని కూడా రాసిండు. ఆ 377 కూడా 1860ల ఇంగ్లీషోళ్లు పెట్టిన చట్టమే. 2009ల ఢిల్లీ హైకోర్టు దాన్ని తగ్గించినప్పుడు సుప్రీంకోర్టుకు పోయి అడ్డం పడ్డోళ్లల్ల ముస్లిం పర్సనల్ లా బోర్డు తోని పాటు ఉత్కల్ క్రిస్టియన్ కౌన్సిల్, అపొస్తలిక్ చర్చెస్ అలయన్స్ కూడా ఉన్నయి, అంటే మనోళ్లు కూడా. 2023 అక్టోబర్‌ల పెండ్లి హక్కు మాత్రం సుప్రీంకోర్టు ఇయ్యలే, అది పార్లమెంటు చూడాలె అన్నది. కాబట్టి పెండ్లి మీద మీ చర్చి ఏం నమ్ముతదో నమ్ముకోండి, ఎవరూ దాన్ని గుంజుకోలే.

కేథలిక్కుల దగ్గర కూడా పెండ్లి మీద నమ్మకం మాలాంటిదే, అయినా వాళ్ల ధర్మోపదేశ గ్రంథం 2358వ పేరాల ఇట్లాంటోళ్లను గౌరవంతోని, కనికరంతోని చూడాలె, అన్యాయమైన వివక్ష ఏ రూపంల కూడా చూపియ్యొద్దు అని రాసి ఉన్నది. నల్గొండల 1976 నుంచి వాళ్ల మేత్రాసనం (బిషప్ కింద ఉండే డయాసిస్) ఉన్నది, మా జిల్లాల వాళ్ల బడులు ఎన్నో ఉన్నయి, ఆ పేరా మీద ఆ బడులల్ల ఒక్క పూట మాట్లాడినా మంచిదే.

ఒక్క విషయం మాత్రం నాకు చానా భయం. పిల్లగాడు ఇంట్ల నోరు విప్పి చెప్పుకుంటే తల్లిదండ్రులు ఏం చేస్తున్నరు? ఉపవాస కూడికలకు తీస్కపోతున్నరు, దయ్యం పట్టింది వదిలించండి అంటున్నరు, అక్కడ జుట్టు పట్టి ఊపుడు, మూడు దినాలు అన్నం పెట్టకుండ ఉంచుడు, ఆఖరికి పెండ్లి చేస్తే సక్కగైతడని మేనమామ బిడ్డను తెచ్చి కట్టబెట్టుడు, ఆ ఆడపిల్ల బతుకు కూడా ఆగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న గే అవుడును రోగాల జాబితాల నుంచి తీసేసింది, మన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా 2018ల ఇది రోగం కాదని చెప్పింది. 2021 జూన్‌ల మద్రాస్ హైకోర్టుల జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ఇచ్చిన ఉత్తర్వుల తర్వాత నేషనల్ మెడికల్ కమిషన్ 2022ల, డాక్టర్ ఎవరన్న వీళ్లను మారుస్తం అని వైద్యం చేస్తే అది వృత్తి దోషం అని తేల్చింది. డాక్టర్‌కే వద్దన్న పని ప్రార్థన పేరు మీద చేస్తే ఎట్ల ఒప్పుతది? ప్రార్థన చెయ్యండి, నేను కూడా చేస్త, పిల్లగాడు బతకాలని, భయపడకుండ నిద్రపోవాలని చెయ్యండి.

తల్లిదండ్రుల భయం అంత తప్పని నేను అంటలేను. బడి వాళ్లు ముందుగ చెప్పాలె, ఏం మాట్లాడుతరో కాగితం మీద రాసి ఇయ్యాలె, ఏ వయసు పిల్లలకు ఎంత వరకో చూసుకోవాలె, వచ్చేటామె ఎవరు, ఏం చదివింది అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది. ఈసారి బడి వాళ్లు ముందు రోజు సాయంత్రం ఒక మెసేజ్ పెట్టి ఊకున్నరు, అది సరిగ్గ చెయ్యలే, నేను మేనేజ్‌మెంట్‌కి కూడా ఆ మాట చెప్పిన. మా చర్చి పిల్ల ఒకామె లేచి బైబిల్ల ఇట్ల ఉన్నది కదా మేడం అని అడిగితే వెనక నుంచి కొందరు ఓ అని అరిచిండ్రట, అది కూడా వెక్కిరింతే, దాన్ని కూడా ఆపాలె, కౌన్సిలర్ మేడం ఆపిందని నా బిడ్డ చెప్పింది. ఆ పిల్లను కూసొమ్మని అనలే, నీ నమ్మకం నీది, దాన్ని పట్టుకొని తోటి పిల్లని ఏడిపియ్యకుంటే చాలు అన్నదట. నేను ఆ జాగల ఉన్నా ఇంతకన్న మంచిగ చెప్పలేకపోదు.

పాస్టర్ అయ్యగార్లకు, సంఘ పెద్దలకు నా మనవి ఏందంటే, వచ్చే యూత్ మీటింగుకు ప్రసంగీకుణ్ని పిలిచేటప్పుడు ముందే చెప్పండి, నడక చేసి చూపిచ్చుడు, నవ్విచ్చుడు మా పుల్పిట్ మీద వద్దు అని. సండే స్కూల్ టీచర్లకు ఒక పూట కూసోబెట్టి, పిల్లగాడు ఎవరన్న వచ్చి ఇట్ల అని చెప్పుకుంటే ఏం అనాలె, ఎవలకు చెప్పొద్దు, ఎక్కడికి పంపాలె అని నేర్పండి. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంల ఫిలిప్పు రథం కాడికి ఉరికి పోయిండు, ఐతియోపీయుడైన నపుంసకుని పక్కన ఎక్కి కూసున్నడు, దేవాలయంల ధర్మశాస్త్రం ప్రకారం చోటు లేని మనిషి ఆయన, నాకు బాప్తిస్మం ఇయ్యడానికి అడ్డమేంది అని అడిగితే ఫిలిప్పు ఒక్క అడ్డం కూడా చెప్పలే. ఆ అధ్యాయం మీద ఒక ఆదివారం ప్రసంగం చెప్పండి, విందాం.

ఆ స్కూల్ వాళ్లు వచ్చే టర్మ్‌ల మళ్లీ ఆ కార్యక్రమం పెడుతమంటున్నరు, ఈసారి తల్లిదండ్రులను కూడా పిలుస్తరట. నా బిడ్డను పంపిస్త, నేను కూడా సెలవు పెట్టి పోత. మీ పేపర్ల ఉత్తరం రాసిన సోదరుడు మా దిక్కు మనిషే అయితే ఆయన కూడా రావాలె, తన పిల్లల్ని తీసుకొని రావాలె, ముందు వినాలె, తర్వాత బైబిల్ తెరిచి ఎన్ని ప్రశ్నలు అడిగినా నాకు సంతోషమే, పక్కనే కూసుంట.

ఇట్లు
ఒక ఉపాధ్యాయిని, సండే స్కూల్ టీచర్
దేవరకొండ, నల్గొండ జిల్లా